బెంగళూరు దగ్గర చిన్న ఊరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మావారికి దేవనహళ్ళి దగ్గర ఉద్యోగం వచ్చింది. ఏడేళ్ళ బాబు, అత్తగారు మాతోనే ఉంటారు. మహానగరం రద్దీ మావల్ల కాదు. కొండో చెరువో కనబడే ముచ్చటైన చిన్న ఊళ్ళో ఉండాలని ఉంది. హోసూరు, చింతామణి, చిక్కబళ్ళాపురం అనుకుంటున్నాం. అత్తగారికి తెలుగు తప్ప మరో భాష రాదు. ఏ ఊరు మంచిది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: హోసూరును వదిలేయండి. ఊరు మంచిదే, తెలుగువాళ్ళూ ఎక్కువే. కానీ అది నగరానికి ఆ చివర, దేవనహళ్ళి ఈ చివర. రోజూ బెంగళూరంతా దాటి రావాలి. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగమైతే హోసూరే చెప్పేవాళ్ళం.

మిగిలిన రెండు ఊళ్ళలోనూ అత్తగారికి మాటకు లోటుండదు. సంతలో, బస్సులో, గుడిలో తెలుగు నడుస్తుంది. చింతామణి దగ్గరి కైవారంలో తాతయ్యగా కొలిచే నారేయణ యోగి తెలుగులోనూ తత్త్వాలు చెప్పారు. ఆవిడకు ఆ చోటు నచ్చి తీరుతుంది. అయితే చింతామణి నుంచి శిడ్లఘట్ట, విజయపుర మీదుగా దేవనహళ్ళి రావాలి. చిక్కబళ్ళాపురం నుంచైతే 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 25 కిలోమీటర్లు, అంటే దాదాపు సగం దూరం. బస్సులకూ కొదవలేదు. రైళ్ళు తక్కువ, వాటిని నమ్ముకోవద్దు.

కాబట్టి చిక్కబళ్ళాపురమే మేలు. ఇల్లు మాత్రం ఊళ్ళోనే చూసుకోండి. నంది కొండ కింద ఇళ్ళు కంటికి బాగుంటాయి. కానీ శని, ఆదివారాల్లో సూర్యోదయం చూడాలని నగరం నుంచి బళ్ళు బారులు తీరతాయి, మీ వీధి దాటడమే కష్టమవుతుంది. భోగనందీశ్వరుడి గుడికి మామూలు రోజుల్లో వెళ్ళండి, ప్రశాంతంగా ఉంటుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది నీళ్ళు. గోదావరి ఒడ్డు నుంచి వస్తున్నారు కనుక గట్టిగా చెబుతున్నాం. ఈ జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. ఊరికి జక్కలమడుగు జలాశయం నీళ్ళు వస్తాయి, అది నిండేది వానలతోనే. బోర్లు వెయ్యి అడుగులు దాటిన చోట్లున్నాయి. అందుకే ఇల్లు చూడటానికి ఏప్రిల్‌లో రండి. వానాకాలంలో ఏ ఇల్లైనా బాగానే కనిపిస్తుంది. కొళాయి ఎన్ని రోజులకోసారి వస్తోందో యజమానిని కాదు, పక్కింటివాళ్ళను అడగండి. నలుగురికి రోజుకు 540 లీటర్లు లెక్క వేసుకోండి. వారానికోసారి వచ్చే వీధిలో 4,000 లీటర్ల సంపు లేకపోతే ట్యాంకర్ల ఖర్చు అద్దెకు తోడవుతుంది.

బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఈ ప్రాంతంలో పాత బాధ. పరీక్షకు గాజు సీసా పనికిరాదు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మోటారు పది నిమిషాలు నడవనిచ్చి, ఆ నీళ్ళతోనే సీసాను మూడుసార్లు తొలిచి, నిండా పట్టి జిల్లా నీటి పరీక్షా కేంద్రంలో ఇవ్వండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది. 1.5 దాటితే ఆ నీళ్ళు తాగకూడదు, వంటకూ వాడకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ ఫిల్టరు పెట్టించుకోవాలి. బాబు వయసులో పళ్ళు ఏర్పడుతుంటాయి, ఈ పరీక్ష మానొద్దు.

ప్రశ్న: ఇంటి యజమాని నెల అద్దె వద్దు, మూడేళ్ళకు ఒకేసారి 8 లక్షలు ఇస్తే చాలు, ఖాళీ చేసేటప్పుడు తిరిగిస్తానంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, దొడ్డబళ్ళాపురం

జవాబు: దీన్ని ఇక్కడ లీజు అంటారు. పద్ధతి పాతదే. చిక్కు ఎక్కడంటే, ఇల్లు అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉండి యజమాని వాయిదాలు ఆపేస్తే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుంటుంది. మీ 8 లక్షల కోసం మీరు యజమాని వెంట తిరగాలి. ఒప్పుకునే ముందు కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖవారి కావేరి పోర్టల్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన తాకట్లు, లావాదేవీల పత్రం తీయించండి. ఈసీలో కనబడని అప్పులూ ఉండొచ్చు కనుక అసలు పత్రాలు చూపించమని అడగండి. బ్యాంకులో ఉన్నాయంటే ఆ ఇల్లు వదిలేయండి. మూడేళ్ళ ఒప్పందం కనుక సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు కావాలి. స్టాంపు కాగితం మీద సంతకాలు చాలవు. యజమాని అందుకు ఒప్పుకోకపోతే 11 నెలల అద్దె ఒప్పందానికే వెళ్ళండి.

ప్రశ్న: కర్నూలు నుంచి బాగేపల్లికి మారాం. ఏపీ నంబరు కారు మార్చాలా? పాపకు కన్నడ తప్పదా?
– ఒక పాఠకురాలు, బాగేపల్లి

జవాబు: కారు 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే మార్చాలి. ముందు కర్నూలు ఆర్టీఓ నుంచి ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోండి. కారు మీద లోనుంటే బ్యాంకు అంగీకార పత్రం కూడా కావాలి. చాలామందికి ఆలస్యమయ్యేది అక్కడే. ఇక్కడ పన్ను కట్టాక, అక్కడ కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగం వాపసు అడగవచ్చు. పాత రసీదు పారేయకండి.

కర్ణాటక 2015 చట్టం ప్రకారం బడిలో కన్నడ నేర్పాల్సిందే. బాగేపల్లిలో ఇంటి చుట్టూ తెలుగే వినబడుతుంది కనుక పాపకు కన్నడ మాట్లాడే అవకాశం తక్కువ. అక్షరాలు చాలావరకు మనవాటిలాగే ఉంటాయి. సెలవుల్లో రోజూ అరగంట చదివించండి, బడి తెరిచేసరికి కూడబలుక్కుని చదవగలుగుతుంది.