కడుపులో ఉన్నది ప్రాణమే అని నమ్ముతూ, అబార్షన్ నేరం కాకూడదని ఎలా అంటారు?

పిండానికి ప్రాణం ఉందని ఒప్పుకున్నాక దాన్ని తీసెయ్యడం హత్యే కదా, చట్టం ఎందుకు ఊరుకోవాలి అని అడిగారు. ఆ మొదటి మాట ఒప్పుకునేదాన్నే నేనూ. అయినా అబార్షన్‌ని నేరం చెయ్యొద్దంటాను.

మా అక్కకి ఐదో నెల స్కానింగ్‌లో బిడ్డకి పుర్రె పైభాగం ఏర్పడలేదని తేలింది. దాన్ని అనెన్‌సెఫలీ అంటారు. మెదడు చాలావరకు ఉండదు. ప్రాణంతో పుట్టినా కొన్ని గంటలే, మహా అయితే కొద్ది రోజులే బతుకుతుంది. "గుండె కొట్టుకుంటోంది కదా మేడమ్?" అని అక్క అడిగింది. "కొట్టుకుంటోందమ్మా" అన్నారు డాక్టర్, ఇంకేమీ కలపకుండా. అబార్షన్ మహాపాపమని నాతో గట్టిగా వాదించే మనిషి మా అక్క. ఇంట్లో తలో మాటా అన్నారు. బావ ఒక్కడే "నువ్వెలా అంటే అలా" అన్నాడు. చివరికి అక్క గర్భం తీయించుకుంది. పాపం అనే మాట మీద తన అభిప్రాయం మార్చుకోలేదు, ఇప్పటికీ బాధపడుతుంది. కానీ ఆ నిర్ణయం ఇంకెవరో చేసి ఉంటే అస్సలు తట్టుకోలేకపోయేదాన్నని అంటుంది.

ఇదే పరిస్థితిలో నెలలు నిండేదాకా మోసి, బిడ్డ బతికున్న ఆ కాసేపూ ఒళ్ళో పెట్టుకునే తల్లులూ ఉన్నారు. వాళ్ళని తీయించుకోమని బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు. మా అక్కని మొయ్యమనే హక్కూ అలాగే లేదు.

చట్టం మధ్యలో దూరితే ఏమవుతుందో ఐర్లండ్ చూసింది. 1983లో అక్కడ రాజ్యాంగాన్ని సవరించి తల్లికీ గర్భస్థ శిశువుకీ సమానమైన జీవించే హక్కు ఇచ్చారు. చదవడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. 2012లో సవితా హలప్పనవర్ అనే మన దేశపు దంతవైద్యురాలు 17 వారాల గర్భంతో ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలవదని డాక్టర్లకి తెలుసు. తీసెయ్యమని ఆమె అడిగింది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోందని ఆగారు. ఆ లోపల ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి, 31 ఏళ్ళకే చనిపోయింది. బిడ్డా దక్కలేదు. 2018 రెఫరెండంలో మూడింట రెండొంతుల మంది ఓటేసి ఆ సవరణని తీసేశారు.

నిషేధిస్తే అబార్షన్లు ఆగిపోతాయనే నమ్మకం కూడా నాకు లేదు. రుమేనియాలో 1966లో నిషేధించారు. మొదట్లో జననాలు బాగా పెరిగాయి, తర్వాత ఆడవాళ్ళు దొంగచాటు దారులు వెతుక్కున్నారు. 1989 చివర్లో నిషేధం ఎత్తేసేలోగా అలా చనిపోయిన వాళ్ళు దాదాపు పదివేల మంది అని అంచనా.

అవతలి వైపు నుంచి నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది వికలాంగుల హక్కుల కోసం పోరాడేవాళ్ళు అడిగే ప్రశ్న: లోపం ఉంటే తీసెయ్యొచ్చు అంటే, మా బతుకు విలువ తక్కువనేగా? అనెన్‌సెఫలీ, పుట్టుకతోనే ఉండి ఎదుగుదలని నెమ్మదింపజేసే డౌన్ సిండ్రోమ్ ఒకటి కావు. డౌన్ సిండ్రోమ్‌తో చదువుకుని, ఉద్యోగం చేసుకుంటున్న వాళ్ళున్నారు. ఆ తేడా తల్లిదండ్రులకి ఓపిగ్గా చెప్పే డాక్టరు కావాలి, వీలైతే అలాంటి పిల్లల్ని పెంచుతున్న వాళ్ళతో మాట్లాడించాలి, పుట్టాక వైద్యానికీ చదువుకీ ప్రభుత్వం సాయం చెయ్యాలి. ఇవన్నీ ఉంటే బిడ్డని ఉంచుకునే వాళ్ళు పెరుగుతారనే నేననుకుంటున్నాను. జైలు భయం పెడితే తల్లి అసలు డాక్టరుతో నోరు విప్పి మాట్లాడదు, డాక్టరు వైద్యం కంటే ముందు లాయరుని అడుగుతాడు.