ఏబీఏ మాస్టర్స్‌కి ఇంటర్న్‌షిప్ కాలేజీయే చూసిపెడుతుందా?

మీ చెల్లి అమెరికాలో అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ (ఏబీఏ, అంటే ప్రవర్తనని గమనించి పిల్లలకి మాటలూ పనులూ నేర్పించే చదువు) మాస్టర్స్‌లో చేరుతోందని, ఫీల్డ్‌వర్క్, అంటే క్లినిక్‌లో చేసే ఇంటర్న్‌షిప్, కాలేజీయే చూపిస్తుందా, తనే వెతుక్కోవాలా అని అడిగారు. నేనూ అదే చదివి ఇప్పుడు బీసీబీఏగా, అంటే ఈ రంగంలో బోర్డు సర్టిఫికెట్ ఉన్న అనలిస్ట్‌గా పనిచేస్తున్నాను, మా క్లినిక్‌కి వచ్చే విద్యార్థులకి సూపర్‌విజన్ కూడా ఇస్తున్నాను. కొన్ని కాలేజీలు క్లినిక్‌లతో ముందే మాట్లాడి పెడతాయి. కొన్ని ఒక లిస్టు చేతిలో పెట్టి ఊరుకుంటాయి. సీటు ఖాయం చేసుకునే ముందే అడిగి తెలుసుకోండి.

బీసీబీఏ సర్టిఫికెట్ కోసం ఫీల్డ్‌వర్క్ మామూలు పద్ధతిలో 2000 గంటలు, సూపర్‌విజన్ ఎక్కువగా ఉండే పద్ధతిలో 1500 గంటలు చేయాలి. గంటలు దొరకడం పెద్ద కష్టం కాదు. ఏ గంటలు దొరుకుతాయన్నదే అసలు టెన్షన్. క్లినిక్‌లకి పిల్లలతో రోజంతా కూర్చునే మనుషులు కావాలి, అందుకే విద్యార్థులని వెంటనే తీసుకుంటారు. కానీ మొత్తం గంటల్లో ఆ పని 40 శాతానికి మించి లెక్కకి రాదు. మిగతా 60 శాతం అసెస్‌మెంట్లు, గ్రాఫులు, ప్రోగ్రామ్‌లు రాయడం, తల్లిదండ్రులకి నేర్పించడం లాంటివి ఉండాలి. వీటినే అన్‌రిస్ట్రిక్టెడ్ గంటలు అంటారు. "వారానికి ఇవి ఎన్ని ఇస్తారు, వాటికి జీతం ఉంటుందా?" అని ఇంటర్వ్యూలోనే అడగమనండి. జవాబు నసిగితే ఇంకో చోటు చూసుకోవడం మేలు.

సంతకాల విషయంలో నేను దెబ్బతిన్నాను. ఆ నెల చేసిన గంటలు చూపే నెలవారీ ఫారం మీద మరుసటి నెల ఆఖరి రోజులోపు విద్యార్థి, సూపర్‌వైజర్ ఇద్దరి సంతకాలూ పడాలి. నా మొదటి సూపర్‌వైజర్ ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు, ఫోన్ ఎత్తలేదు. గడువు దాటింది. నెల రోజుల కష్టం, 96 గంటలు, పోయాయి. ఆ రాత్రి చాలా ఏడ్చాను. ఇప్పుడు నా దగ్గర చేసేవాళ్లకి నెలాఖరు సాయంత్రమే సంతకం పెట్టి పంపుతాను.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా కాబట్టి సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేయడానికి అనుమతి కావాలి. కోర్సులో మొదటి నుంచే ప్రాక్టికమ్ తప్పనిసరి అయితే తప్ప, ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో రాసిన తేదీ రాకముందు ఒక్క సెషన్ కూడా చేయొద్దు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీ మీద ఓపీటీ, అంటే చదువయ్యాక అమెరికాలో పనిచేసే అనుమతి ఉండదు. ఇండియాకి వచ్చి అక్కడి నుంచి బీసీబీఏకి అప్లై చేద్దామనుకుంటే, 2023 జనవరి నుంచి ఆ దారి మూసేశారు.

సూపర్‌వైజర్ మంచివారైతే పని ఎంత బాగా వస్తుందో నాకు రెండో చోట తెలిసింది. ఒక బాబు బబుల్స్ సీసా వైపు చేయి చాపాడు. నేను వెంటనే మూత తీయబోయాను. వెనక చిన్న కుర్చీలో కూర్చున్న మా సూపర్‌వైజర్ మేడమ్ "మూడు సెకన్లు ఆగు" అన్నారు. ఆగాను. వాడు నా మొహంలోకి చూసి "బ" అన్నాడు. ఆవిడ అక్కడ లేకపోతే ఆ మాట నేను వినేదాన్ని కాదు. అందుకే, సూపర్‌వైజర్ నెలకి ఎన్నిసార్లు పిల్లల దగ్గరికి వచ్చి కూర్చుంటారో కూడా మీ చెల్లిని తప్పకుండా అడగమనండి.