ఓర్టింగ్‌లో ఇల్లు తీసుకోవచ్చా? రెయినియర్ పర్వతం సంగతి

ధర్మాబాద్, దెగ్లూరు, బిలోలి నుంచి సియాటిల్ చేరిన పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగేది ఇది: "మావాడు ఓర్టింగ్‌లో ఇల్లు చూశాడట, పక్కనే అగ్నిపర్వతం ఉందట. లావా వస్తే ఎట్లా?"

లావా బెంగ వద్దు. చూసుకోవాల్సింది బురదని.

మన నాందేడ్ వైపు బావి తవ్వితే తగిలే నల్లరాయి కూడా లావానే. (దెగ్లూరు, బిలోలి పక్క చాలాచోట్ల గ్రానైటే తగులుతుంది, అది వేరే కథ.) సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల పగుళ్లలోంచి పలచగా పారి, పొరమీద పొరగా పరుచుకున్న బసాల్ట్ అది. అందుకే అక్కడ శిఖరాలు లేవు, చదునైన గుట్టలూ నల్లరేగడీ ఉన్నాయి. ఓర్టింగ్ పక్కనున్న అగ్నిపర్వతం రెయినియర్ తీరు వేరు. సముద్రం అడుగునున్న జువాన్ డి ఫూకా ఫలకం (భూమి పైపెంకులో ఒక ముక్క) ఉత్తర అమెరికా ఫలకం కిందికి దిగుతూ నీటిని వదులుతుంది. ఆ నీరు చేరి, పైనున్న వేడి రాయి కరిగి, చివరికి సిలికా ఎక్కువున్న ఆండెసైట్ అనే జిగట లావా పైకొస్తుంది. అది దూరం పారదు. లావా, బూడిద, రాళ్లు ఒకచోటే పేరుకుని 4,392 మీటర్ల కొండ అయింది.

కొండ లోపలి వేడి ఆమ్లవాయువులు రాతిని మెత్తటి బంకమన్నుగా మార్చేస్తాయి. పైన మంచు మోపు. కొండలో ఒక చెక్క విరిగిపడితే చాలు, తడి కాంక్రీటులాంటి ప్రవాహం లోయ పట్టుకుని దిగుతుంది. దాన్నే లహార్ అంటారు. సుమారు 5,600 ఏళ్ల కిందటి ఆసియోలా లహార్ సియాటిల్ ఒడ్డునున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ దాకా వెళ్లింది. సుమారు 500 ఏళ్ల కిందటి ఎలక్ట్రాన్ లహార్ ఓర్టింగ్‌ను కప్పింది. ఇప్పటికీ అక్కడ పునాదులు తవ్వితే పాత అడవి మొద్దులు బయటపడతాయి. ఆ ఎలక్ట్రాన్ లహార్‌కు తోడుగా విస్ఫోటనం జరిగిన ఆధారమే లేదు. 1980 మే 18న పేలిన సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ముందు రెండు నెలలు పొగలూ కంపనలతో హెచ్చరించింది. అయినా 57 మంది పోయారు. రెయినియర్ చెక్క విరగడానికి ఆ మాత్రం హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు.

కాబట్టి అద్దె కాగితం మీద సంతకానికి ముందు అమెరికా భూగర్భ సర్వే లహార్ పటంలో ఆ చిరునామా చూడండి. బెల్వ్యూ, రెడ్‌మండ్ అయితే ఈ చింతే లేదు. ఓర్టింగ్, పుయాలప్, సమ్నర్ లోయ అడుగున అయితే పియర్స్ కౌంటీ అలర్ట్‌లో ఫోన్ నంబరు నమోదు చేయండి. సైరన్ పరీక్ష నెలలో మొదటి సోమవారం మధ్యాహ్నం 12కి ఉంటుంది, వేరే వేళ మోగితే నిజమే అనుకోండి. ఓర్టింగ్‌కు దక్కే సమయం గంటకు అటూఇటూ. కారు తీయొద్దు, రోడ్లు కొద్దే కనుక జామ్ అవుతాయి. దగ్గరి మెట్ట ఏదో ముందే ఒకసారి నడిచి చూసుకుని ఉండండి. పిల్లల కోసం బడికి పరుగెత్తొద్దు, బడివాళ్లే నడిపించుకెళ్తారు.

బూడిద మాటకొస్తే గాలి ఎక్కువగా పడమటి నుంచే, అంటే పోయేది తూర్పుకు. ఒకవేళ ఇటే పడితే ఎన్95 మాస్కు పెట్టుకోండి, కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. కారు అద్దం మీద వైపర్ పొడిగా వేయకండి, బూడిదంటే గాజుపొడే, గీతలు పడతాయి.