చలి సబ్‌వే లోపలి నుంచీ దిగుతుంది

అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన సబ్‌వే (రోడ్డు కింద నుంచి నడిచి దాటే దారి) డ్రాయింగులు రెండుసార్లు చూశాను. లెక్కలు బాగానే వేశావు. కానీ చలి ఎంత లోతుకు దిగుతుందో రోడ్డు మట్టం నుంచి కొలిచి, రాఫ్ట్, అంటే అడుగు కాంక్రీట్ పలక, అంతకంటే కిందే ఉంది కాబట్టి భయం లేదని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఇంటి పునాదికైతే ఆ మాట చెల్లుతుంది. సబ్‌వేకి రెండు వైపులా నోళ్లున్నాయి కదా! శీతగాలి మెట్ల మీంచి దిగి లోపలే ఉండిపోతుంది. గడ్డకట్టడం నీ ఫ్లోర్ కిందే మొదలై, గోడల వెనక్కి కూడా పాకుతుంది. లోతు అక్కడి నుంచి కొలువు. పైగా సబ్‌వే ఖాళీ కాంక్రీట్ బాక్స్ బరువు నువ్వు తవ్వి తీసిన మట్టి కంటే తక్కువే. కింద నేల ఉబ్బితే అదిమిపట్టేదేమీ లేదు.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది, నేల ఉబ్బేది అందుకేనని నేనూ చాలాకాలం అనుకున్నాను. 1930 ప్రాంతంలో స్టీఫెన్ టేబర్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త నీటికి బదులు బెంజీన్‌తో మట్టిని తడిపి చూశాడు. గడ్డకడితే కుంచించుకుపోయే ద్రవం అది. అయినా మట్టి ఉబ్బింది. అసలు సంగతేమిటంటే, మట్టి కింది తడిని పైకి లాక్కుంటుంది, ఆ తడి గడ్డకట్టే చోట పొరలు పొరలుగా మంచు పేరుకుంటుంది. ముతక ఇసుక నీటిని అంతగా లాగలేదు. బంకమట్టి లాగుతుంది కానీ నీరు నెమ్మదిగా పారుతుంది. ఇసుకకూ బంకమట్టికీ మధ్యరకం సన్నని మట్టి, సిల్ట్‌కి రెండూ చేతనవును. అందుకే జల్లెడ పరీక్షతో సరిపెట్టుకోకు, జల్లెడకు అందని సన్నని రేణువులను కొలిచే హైడ్రోమీటర్ పరీక్ష కూడా చేయించు. 0.02 మిల్లీమీటర్ కంటే సన్నని రేణువులు 3 శాతం దాటితే అనుమానించమని మట్టి ఇంజనీరు కాసాగ్రాండే ఎప్పుడో చెప్పాడు.

అలాంటి మట్టిని ఫ్లోర్ కింద, గోడల పక్కన తీసేసి శుభ్రమైన కంకర నింపు. అందులోకి దిగిన నీటికి బయటికి దారి కూడా ఉండాలి, లేకపోతే అది తొట్టే. ఆ డ్రెయిన్ పైపు చివర గడ్డకట్టకుండా చూడు, చాలామంది మరిచిపోయేది ఇదే. ఇన్సులేషన్‌కి ఎక్స్‌పీఎస్ (గట్టి పాలిస్టైరీన్ నురగ) షీట్లు వాడు, అవి నీటిని పెద్దగా పీల్చవు. మెట్ల చివర్లలో వాటి మందం పెంచు. తలుపులు పెట్టే వీలుంటే సగం బాధ తీరుతుంది.

ఇక మెట్లు. నా మొదటి సబ్‌వేలో మెట్లను, బాక్స్‌ను కలిపి ఒకే పోతగా పోయించాను. తేలికైనవి, ఆకాశానికి తెరిచి ఉన్నవి, మెట్లు ముందు లేచాయి. బాక్స్ కదల్లేదు. రెండో చలికాలానికే ఆ అతుకు దగ్గర గోడ ఏటవాలుగా చీలింది. అక్కడ రెంటినీ విడదీసే జాయింట్ ఉంచి, అందులోంచి నీరు రాకుండా వాటర్‌స్టాప్ పట్టీ పెట్టు. మెట్ల పక్క మట్టిని ఆపే రిటైనింగ్ గోడలను కూడా గడ్డకట్టిన మట్టి పట్టుకుని పైకి ఈడుస్తుంది, కాబట్టి వాటి వెనక కూడా కంకరే వేయించు.

తవ్విన గుంతను మాత్రం చలికాలమంతా తెరిచి ఉంచనివ్వకు. గడ్డకట్టిన అడుగు మట్టి మీద కాంక్రీట్ పోస్తే ఆ మట్టి కరిగినప్పుడు బురదే మిగులుతుంది.

బోరు రిపోర్టులో నీటి మట్టం ఏ నెలలో తీశారో రాయలేదు. చలికి ముందు మళ్లీ తీయించి పంపు. మెట్ల సెక్షన్ అప్పుడు కలిసి గీద్దాం.