సైడింగ్ మార్చాలంటే ఎంతవుతుంది? అమెరికా ఇళ్ల ప్రశ్నోత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సైడింగ్ ఖర్చు గురించే ఉన్నాయి. ఇటుక గోడ, సిమెంటు పూత చూసి పెరిగినవాళ్లకు అమెరికా చెక్క ఇంటి గోడ కొత్తగా ఉంటుంది. బయటికి కనిపించే పలకలే సైడింగ్. వాటి వెనక నీటిని ఆపే పొర, దాని వెనక ఓ.ఎస్.బి. చెక్క షీట్లు, ఆ వెనక చట్రం ఉంటాయి. కొటేషన్లలో తేడాలు ఎక్కువగా ఈ కనిపించని పొరల దగ్గరే వస్తాయి.

ప్రశ్న: మాది 1994లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. వినైల్ (ప్లాస్టిక్) సైడింగ్ వెలిసిపోయింది, రెండు చోట్ల పగిలింది. మూడు కొటేషన్లు వచ్చాయి: 17,800, 26,500, 41,000 డాలర్లు. ఒకే ఇంటికి ఇంత తేడా ఏమిటి? కాపీలు జతచేశాం.
– ఎడిసన్, న్యూజెర్సీ

ముగ్గురూ ఒకే పనికి ధర చెప్పలేదు. మొదటాయన పాత సైడింగ్ ఊడదీయకుండా దాని మీద పల్చటి ఫోమ్ షీటు పరచి కొత్త వినైల్ కొడతారు. రెండో ఆయన పాతది మొత్తం తీసేసి, నీటిని ఆపే కొత్త పొర (హౌస్ ర్యాప్) వేసి, ఆపై వినైల్ వేస్తారు. మూడో ఆయనది ఫైబర్ సిమెంటు, అంటే సిమెంటులో నార కలిపి చేసిన పలకలు.

ముందు మీ కొలత మీరే వేసుకోండి. చుట్టుకొలత 140 అడుగులు, రెండంతస్తుల ఎత్తు సుమారు 18 అడుగులు. అంటే 2,520 చదరపు అడుగులు. రెండు పక్కలా ఉన్న త్రికోణాలు వెడల్పు 30, ఎత్తు 10 చొప్పున ఒక్కోటి 150, రెండూ కలిపి 300. మొత్తం 2,820. గరాజ్ తలుపు 112, వెనక పేషియో తలుపు 40 తీసేస్తే 2,668. చిన్న కిటికీలను లెక్కలోంచి తీసేయకండి, వాటి చుట్టూ కోతలో పోయే తరుగుకు అది సరిపోతుంది. మిగతా కోతల తరుగుకు 2,668 మీద 10 శాతం కలిపితే 2,935. ఈ పనివాళ్ల లెక్క ‘స్క్వేర్’లలో ఉంటుంది, ఒక స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు. మీ ఇంటికి 30 స్క్వేర్లు. వినైల్ పెట్టెకు సాధారణంగా 2 స్క్వేర్లు వస్తాయి కాబట్టి 15 పెట్టెలు. ఎవరైనా 38 స్క్వేర్లని రాస్తే ఎక్కడెక్కడ కొలిచారో అడగండి.

ఇప్పుడు మీ కొటేషన్లను గోడ వైశాల్యంతో భాగిస్తే చదరపు అడుగుకు సుమారు 6.70, 9.90, 15.40 డాలర్లు వస్తాయి. పాతది తీసి వినైల్ వేయడానికి 7 నుంచి 12, ఫైబర్ సిమెంటుకు 11 నుంచి 18 డాలర్లు ఈమధ్య సాధారణంగా వినిపించే ధరలు. 2024 కాస్ట్ వర్సెస్ వాల్యూ నివేదికలో 1,250 చదరపు అడుగులకు వినైల్ సుమారు 17,400, ఫైబర్ సిమెంటు సుమారు 20,600 డాలర్లు. ఇల్లు అమ్మేటప్పుడు అందులో వినైల్‌కు 80 శాతం, ఫైబర్ సిమెంటుకు 88 శాతం తిరిగొస్తుందని ఆ నివేదిక అంచనా. ఆ లెక్కన మీ రెండో, మూడో ధరలు అన్యాయమైనవి కావు.

మొదటిది వద్దని మా గట్టి సలహా. 1994 నాటి గోడలో నీళ్లు ఎక్కడ దిగాయో పాత పలకలు విప్పితేగానీ తెలియదు. మీద కొత్తది కప్పితే కుళ్లు లోపలే ఉండిపోతుంది. పైగా గోడ మందం పెరిగి కిటికీలు గోతిలో పడ్డట్టు లోపలికి పోతాయి, వాటి చుట్టూ పట్టీలు అతుకులతో నిండిపోతాయి. ఐదారేళ్లకు చెక్క మెత్తబడితే రెండు పొరలూ ఊడదీయాలి. అప్పుడు ఆదా అయిన 8,700 డాలర్లు ఆ పనికే సరిపోవు.

రెండో కొటేషన్‌లోనూ ఒక లోపం ఉంది. ‘అవసరమైతే చెక్క మార్పు అదనం’ అని రాసి, రేటు రాయలేదు. అదే బిల్లు ఉబ్బిపోయే చోటు. ఓ.ఎస్.బి. షీటు 4 అడుగులు, 8 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. ఒక్కో షీటు మార్చడానికి కూలితో కలిపి 80 నుంచి 150 డాలర్లు మామూలు. సంతకానికి ముందే ఆ రేటు రాయించండి. మార్చిన ప్రతి షీటుకూ ఫొటో చూపాలని కూడా రాయించండి.

కుళ్లు దాదాపు ఎప్పుడూ కొన్ని చోట్లే ఉంటుంది. వాటిలో మొదటిది గరాజ్ లేదా పోర్చి కప్పు వచ్చి పై అంతస్తు గోడకు తగిలి, ఆగిపోయే మూల. కప్పు మీద నుంచి జారిన నీటిని గోడకు దూరంగా గట్టర్‌లోకి మళ్లించే చిన్న వంపు రేకు అక్కడ ఉండాలి. దాన్ని కికౌట్ ఫ్లాషింగ్ అంటారు. కొద్ది డాలర్ల రేకు. అది లేకపోతే ఆ నీళ్లన్నీ సైడింగ్ వెనక్కే పోతాయి. తర్వాత కిటికీల కింది మూలలు, డెక్ పలక గోడకు బిగించిన చోటు చూడాలి. మీ మూడు కొటేషన్లలోనూ కికౌట్ మాటే లేదు. అడిగి రాయించండి.

హౌస్ ర్యాప్ విషయానికొస్తే, 9 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవున్న చుట్ట 900 చదరపు అడుగులు. ఒకదాని మీదికొకటి వచ్చే అంచులు కలుపుకుని మీకు 4 చుట్టలు కావాలి. పై వరస ఎప్పుడూ కింది వరస మీదికి రావాలి, ఇంటి పెంకులు పేర్చినట్టు. టేపు వేసే వరస: కిటికీ బిగించకముందే అది కూర్చునే గూటి అడుగున, కిటికీ పెట్టాక పక్కలు, చివరగా పైన. పై టేపు మీదికి ర్యాప్ దిగాలి. బిగించిన కిటికీ కింది అంచు మీద మాత్రం టేపు వేయకూడదు, లోపలికి చేరిన నీళ్లు బయటికొచ్చే దారి అదే. తొందరలో ఉన్న పనివాళ్లు నాలుగు వైపులా మూసేసి ‘ఇంకా గట్టి’ అంటారు. ఒప్పుకోకండి.

ఫైబర్ సిమెంటుకు ఎందుకంత ఎక్కువ? బరువే ముఖ్య కారణం. 12 అడుగుల పలక ఒక్కోటి దాదాపు 19 పౌండ్లు. ఎనిమిదింపావు అంగుళాల వెడల్పులో 7 అంగుళాలే బయటికి కనిపిస్తుంది, కాబట్టి పలకకు 7 చదరపు అడుగులే కప్పుతుంది. మీ ఇంటికి దాదాపు 420 పలకలు, నాలుగు టన్నులు. ఇద్దరు పట్టుకుంటేగానీ పలక విరగకుండా నిలవదు. కోస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, అందుకు దుమ్ము పీల్చే రంపాలు కావాలి. కోసిన ప్రతి అంచుకూ రంగు పూయాలి. అది మానేస్తే అంచు నీళ్లు పీల్చి పొరలు విడిపోతుంది. న్యూజెర్సీ చలికి జేమ్స్ హార్డీ కంపెనీ పలకలైతే హెచ్.జెడ్.5 రకం తీసుకోవాలి, హెచ్.జెడ్.10 కాదు.

ఇల్లు ఇంకో పదిహేనేళ్లు ఉంచుకుంటారనుకుంటే మూడోది ఆలోచించదగ్గదే. లేదంటే రెండోదాన్నే షీటు రేటు, కికౌట్ రాయించి తీసుకోండి. వినైల్ మందం 0.044 అంగుళానికి తగ్గకుండా చూడండి, 0.040 బిల్డర్లు వేసే చౌక రకం. న్యూజెర్సీలో కాంట్రాక్టరు నమోదు సంఖ్య ‘13 వి.హెచ్.’తో మొదలవుతుంది, ఒప్పందం మీద అది ఉండాలి. చివరి చెల్లింపుకు ముందు సరుకు అమ్మినవాళ్ల నుంచి, కింది పనివాళ్ల నుంచి లీన్ వేయివర్ (ఇంటి మీద హక్కు కోరబోమనే పత్రం) తీసుకోండి. కాంట్రాక్టరు వాళ్లకు బాకీ పెడితే వాళ్లు మీ ఇంటి మీద హక్కు పెట్టవచ్చు.

ప్రశ్న: వడగళ్ల వానకు చిమ్నీ చుట్టూ, పై త్రికోణంలో సైడింగ్ పెచ్చులూడింది. కింద అంతా ఇటుక గోడే. ‘డిడక్టిబుల్ మీరు కట్టక్కర్లేదు, మేం సర్దుతాం’ అంటున్నారు తలుపు తట్టిన కాంట్రాక్టరు. సరేననొచ్చా?
– ఫ్రిస్కో, టెక్సాస్

అనకండి. టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి డిడక్టిబుల్ (నష్టంలో మీరే భరించాల్సిన భాగం) మాఫీ చేయడం, సర్దుబాటు చేస్తాననడం చట్టవిరుద్ధం. మీరు కట్టినట్టు రుజువు చూపమని బీమా కంపెనీ అడగవచ్చు, చూపేదాకా మిగతా సొమ్ము ఆపవచ్చు. అలాగే పని చేసే కాంట్రాక్టరే మీ తరఫున క్లెయిము బేరం ఆడటమూ అక్కడ కుదరదు.

క్లెయిము పెట్టేముందు లెక్క చూసుకోండి. టెక్సాస్‌లో గాలి, వడగళ్లకు డిడక్టిబుల్ చాలావరకు శాతంలో ఉంటుంది. ఇంటి బీమా 5,00,000 డాలర్లు, డిడక్టిబుల్ 2 శాతం అనుకుందాం. అంటే 10,000 మీది. బాగుచేతకు 14,000, అందులో పాతబడినందుకు తగ్గింపు 4,000 అనుకుంటే, మొదటి చెక్కు 14,000 లోంచి 4,000, 10,000 పోగా సున్నా. పని పూర్తయి బిల్లు చూపాక, మీది రీప్లేస్‌మెంట్ కాస్ట్ (పాతబడినందుకు తగ్గించకుండా ఇచ్చే) పాలసీ అయితే, ఆ 4,000 వస్తుంది. 4,000 కోసం రికార్డులో ఒక క్లెయిము ఎక్కించుకోవడం లాభమా అన్నది మీరే తేల్చుకోవాలి. కప్పు కూడా దెబ్బతిని ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది, ఒకే వానకు ఒకే డిడక్టిబుల్. ముందు కప్పు చూపించండి.

ఇంకో మాట. చిమ్నీ దగ్గర ఊడినది వడగళ్ల వల్లే అనుకోకండి. మీది ఫైబర్ సిమెంటు పలకైతే, వడగల్లు తగిలిన చోట పెచ్చు లేచి లోపలి బూడిదరంగు శుభ్రంగా కనిపిస్తుంది. కింది అంచులో పొరలుగా విడిపోయి, మట్టి పట్టి ఉంటే అది నీళ్లు పీల్చి పాడైనది. కప్పు షింగిల్స్‌కూ పలక కింది అంచుకూ మధ్య 2 అంగుళాల ఖాళీ ఉండాలి. చాలా ఇళ్లలో పలకను షింగిల్స్ మీదే ఆనించేస్తారు. దానికి బీమా ఇవ్వదు, మళ్లీ అలాగే వేయిస్తే కొత్త పలకా అంతే.

ప్రశ్న: మూడేళ్ల క్రితం వేయించిన వినైల్ దక్షిణపు గోడ మీద అలలు తేలింది. ఒకచోట కరిగినట్టు ముడతలు కూడా పడింది. వారంటీ వస్తుందా?
– నేపర్‌విల్, ఇల్లినాయిస్

ఇవి రెండు వేరు జబ్బులు. అలలు తేలడం మేకుల తప్పు. పన్నెండున్నర అడుగుల వినైల్ పలక చలికి, ఎండకు అర అంగుళం దాకా కుదించుకుని సాగుతుంది. అందుకే మేకును పొడవాటి రంధ్రం మధ్యలో కొట్టి, తల కింద ఒక డైమ్ నాణెం పట్టేంత సందు వదలాలి. పలక చివర్లలో పావు అంగుళం, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చల్లగా ఉన్న రోజు వేస్తే అంగుళంలో మూడెనిమిదో వంతు ఖాళీ ఉంచాలి. పలకను చేత్తో పక్కకు జరిపి చూడండి. కదలకపోతే బిగించి కొట్టారన్నమాట. అది పనివాడి వారంటీ కిందికి వస్తుంది, తయారీదారు ఒప్పుకోడు. పలకలు పాడవకపోతే జిప్ టూల్ అనే చిన్న కొక్కెంతో విప్పి, మేకులు వదులు చేసి తిరిగి తగిలించవచ్చు.

కరిగిన మచ్చకు కారణం వేరు. ఎదురింటి లో-ఇ గాజు (వేడిని వెనక్కి తిప్పే పూత ఉన్న గాజు) కిటికీ ఎండను అద్దంలా ఒకచోటికి మళ్లిస్తే అక్కడ వేడి 160 డిగ్రీలు దాటి వినైల్ వంగిపోతుంది. ఏ వేళ ఆ మచ్చ మీద వెలుగు పడుతోందో గమనించండి. తయారీదారుల వారంటీలు దీన్ని చాలావరకు మినహాయిస్తాయి. ఆ కిటికీకి బయట జల్లెడ తెర వేయించమని పొరుగువాళ్లను మంచిగా అడగండి, లేదా మధ్యలో ఒక చెట్టు నాటండి. అది చేయకుండా పలక మారిస్తే వచ్చే వేసవికి మళ్లీ అంతే. బార్బెక్యూ గ్రిల్ గోడ పక్కన పెట్టినా ఇదే జరుగుతుంది.

ప్రశ్న: 1962 నాటి ఇల్లు కొన్నాం. సైడింగ్ సిమెంటు బిళ్లల్లా ఉంది, కింది అంచు అలలుగా ఉంటుంది. తీయించడానికి మామూలు కన్నా చాలా ఎక్కువ అడుగుతున్నారు.
– ఫిలడెల్ఫియా శివారు

అది ఆస్‌బెస్టాస్ (దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార) కావచ్చు. చూపుతో తేల్చలేం, ల్యాబ్ పరీక్ష చేయించండి. అవునని తేలితే సాధారణంగా అనుమతి ఉన్నవాళ్లే తీయాలి, అందుకే ఆ ధర. బిళ్లలు చెక్కుచెదరకుండా ఉంటే పగలగొట్టకుండా పైన ఫోమ్ బోర్డు పరచి కొత్త సైడింగ్ వేయడాన్ని చాలా చోట్ల అనుమతిస్తారు. పైన ఎడిసన్ వారికి వద్దన్న పద్ధతి ఇక్కడ సరైనదే కావచ్చు. మేకులు మాత్రం ఆ మందం దాటి చెక్కలోకి ఒకటింపావు అంగుళం దిగేంత పొడవుండాలి. ప్రెషర్ వాషర్‌తో ఆ బిళ్లలను కడగకండి.

1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి కిటికీల చుట్టూ సీసం (లెడ్) కలిసిన రంగు ఉండొచ్చు. బయట 20 చదరపు అడుగులకు మించి అలాంటి రంగును కదిపితే ఈ.పీ.ఏ. (ఫెడరల్ పర్యావరణ సంస్థ) ధ్రువీకరణ ఉన్న సంస్థే చేయాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రశ్న: పోపు ఘాటు బయటికి పోవడానికి పెద్ద హుడ్ పెట్టించి గోడకు రంధ్రం వేయించాం. ఇప్పుడు దాని కింద సైడింగ్ మీద జిడ్డు చారలు, లోపల గోడ చెమ్మ.
– కేరీ, నార్త్ కరోలినా

చారలు జిడ్డువి, వేడి నీళ్లు, గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్‌తో పోతాయి. చెమ్మే అసలు సమస్య. పలక మీదే గొట్టం మూత బిగించి చుట్టూ కాక్ (సందులు మూసే జిగురు) పూసి ఉంటారు. వినైల్ కదులుతుంటే ఆ పూత ఏడాదిలో విడిపోతుంది. సరైన పని ఇది: ఆ చుట్టుపక్కల పలకలు విప్పి, గొట్టం చుట్టూ హౌస్ ర్యాప్‌కు టేపు వేసి, నీటిని మళ్లించే రేకు (ఫ్లాషింగ్) ఉన్న మౌంటింగ్ బ్లాక్ అనే దిమ్మ బిగించి, పలకలను దాని అంచుల్లోకి చేర్చాలి. గొట్టం బయటివైపుకు కొద్దిగా వాలాలి. మూతకు వెనక్కి గాలి రాకుండా ఆపే రెక్క ఉండాలి. పలకలు విప్పినప్పుడు చెక్కను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, దిగబడితే ఆ ముక్క మార్చాల్సిందే. హుడ్ నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి దాటి లాగేదైతే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా బిల్డింగ్ కోడ్ అడగవచ్చు.

ప్రశ్న: ‘ఈరోజే సంతకం పెడితే 30 శాతం తగ్గింపు, ట్యాక్స్ క్రెడిట్ కూడా’ అన్నారు. సంతకం పెట్టేశాం.
– అట్లాంటా శివారు

అమ్మకందారు మీ ఇంటికొచ్చి చేయించిన ఒప్పందమైతే, మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నిబంధన ఇస్తుంది. ఈరోజే రాతపూర్వకంగా, సర్టిఫైడ్ పోస్టులో పంపండి. ట్యాక్స్ క్రెడిట్ మాట తప్పు. ఆ క్రెడిట్ ఇన్సులేషన్‌కు ఉండేది గానీ మామూలు సైడింగ్‌కు లేదు. అదీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. మళ్లీ ఒప్పందం చేసుకునేముందు మీ హెచ్.ఓ.ఏ. (ఇళ్ల యజమానుల సంఘం) నుంచి రంగుకు, రకానికి రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి. అది లేకుండా వేస్తే తీసేయమనే అధికారం వాళ్లకు ఉండొచ్చు.