కిందికి దించిన పికప్‌కి ముందు బ్రేకులు: కిట్ కొనేముందు స్పిండిల్ చూడండి

ప్రశ్న: మాది గజపతినగరం. టెక్సాస్‌లో ఉద్యోగం. ఈమధ్య 1985 షెవర్లే సి10 పికప్ కొన్నాను. పాత ఓనరు ముందు స్ప్రింగులు కోయించి బండిని కిందికి దించాడు. గతుకులో పడితే దభీమని కొడుతోంది, గట్టిగా బ్రేకు వేస్తే ఎడమకి లాగుతోంది. 13 అంగుళాల రోటర్ల (ప్యాడ్లు పట్టుకునే బ్రేకు పళ్లేల) కిట్ వేస్తే సరిపోతుందా అన్నా?

జవాబు: ఆ కిట్ ఇప్పుడే కొనకు తమ్ముడూ. నీ బండికి ఉన్న రోగం రోటరు సైజులో లేదు.

స్ప్రింగు కోస్తే బండి దిగుతుంది, నిజమే. దాంతోపాటు చక్రం పైకి కదలడానికి ఉండాల్సిన జాగా పోతుంది. చిన్న గతుక్కే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేముకి కలిపి పైకీ కిందికీ ఊగే చేయి) వెళ్లి బంప్ స్టాపుకి, అంటే దాన్ని ఆపే రబ్బరు దిమ్మకి తగులుతుంది. నువ్వు వింటున్న దభీ అదే. బ్రేకు వేసినప్పుడు ముందుభాగం ఇంకా కుంగుతుంది కదా, అప్పుడు మిగిలిన ఆ కాస్త జాగా కూడా అయిపోతుంది. ఆర్మ్‌లు వాలిపోయి ఉండటంతో చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా టో, అంటే చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం, మారుతుంది, స్టీరింగు దానంతటదే తిరుగుతుంది. పైగా రెండు స్ప్రింగులూ సమానంగా కోసి ఉంటారన్న నమ్మకం లేదు.

ఎడమకి లాగడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. పది నిమిషాలు నడిపి ఆపి, రెండు రోటర్ల వేడీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడు. బ్రేకు బాగా పట్టే వైపుకే బండి లాగుతుంది. కుడి రోటరు చల్లగా ఉంటే అటు క్యాలిపర్ (ప్యాడ్లని రోటరుకి నొక్కే భాగం) పిస్టన్ కదలకుండా బిగుసుకుపోయిందనో, రబ్బరు హోసు లోపల వాచి ఆయిలు వెళ్లనివ్వడం లేదనో అర్థం. ఎడమది విపరీతంగా కాలితే ఎడమ హోసు ఆయిలుని వెనక్కి రానివ్వడం లేదు, పెడల్ వదిలినా బ్రేకు పట్టే ఉంటోంది. ఈ బండి వయసుకి రెండు హోసులూ మార్చేయడమే మంచిది.

దించిన ఎత్తు అలాగే ఉండాలంటే కోసిన స్ప్రింగులు తీసేసి, ఫ్యాక్టరీ ఎత్తు స్ప్రింగులు వేసి, రెండున్నర అంగుళాల డ్రాప్ స్పిండిళ్లు బిగించు. స్పిండిల్ అంటే రెండు ఆర్మ్‌ల మధ్య ఉండి చక్రాన్ని మోసే భాగం. ఇందులో చక్రం ఇరుసు స్పిండిల్ మీదే పైకి జరిగి ఉంటుంది. ఆర్మ్‌లు కంపెనీ ఇచ్చిన కోణంలోనే ఉంటాయి, బండి మాత్రం దిగుతుంది. షాక్ అబ్జార్బర్లు కూడా మామూలు పొడవువే సరిపోతాయి. ఆ స్పిండిల్ మీదే హబ్బూ, క్యాలిపరూ కూర్చుంటాయి. అందుకే ఈ బండికి బ్రేకులు ఒకసారి, సస్పెన్షన్ ఇంకోసారి చేయడం దండగ.

ఆర్డరు పెట్టేముందు రోటరు మందం కొలువు. 1973 నుంచి 1987 వరకు వచ్చిన ఈ బళ్లలో 1 అంగుళం రోటర్లు ఉన్నాయి, 1.25 అంగుళాలవీ ఉన్నాయి. స్పిండిళ్లు వాటిని బట్టే వేరుగా అమ్ముతారు. కొంత అరిగినా తేడా తెలిసిపోతుంది. చక్రం 15 అంగుళాలకి తగ్గకూడదు. 15లో కూడా కొన్ని రిమ్ములు టై రాడ్ ఎండ్‌కి (స్టీరింగు కడ్డీని స్పిండిల్‌కి కలిపే కీలుకి) తగులుతాయి, బిగించాక చేత్తో తిప్పి చూడాలి.

స్పిండిళ్లు, స్ప్రింగులతోపాటు స్పిండిల్‌ని ఆర్మ్‌లకి కలిపే బాల్ జాయింట్లు నాలుగు, ఆర్మ్ బుష్‌లు, బయటి టై రాడ్ ఎండ్‌లు రెండు, హబ్బుతో వచ్చే రోటర్లు రెండు, లోపలి బయటి బేరింగులు, సీళ్లు, క్యాలిపర్లు, ప్యాడ్లు, హోసులు, రాగి వాషర్లు, కొత్త స్ప్లిట్ పిన్నులు తీసుకో. పాత వాషరు తిప్పి వేస్తే కారుతుంది. బ్రేకు ఆయిలు డాట్ 3 గానీ డాట్ 4 గానీ 32 ఔన్సుల డబ్బాలు రెండు చాలు. డాట్ 5 సిలికాన్‌ది, దాన్ని వీటితో కలపకూడదు. క్యాలిపరు బిల్లులో ‘కోర్’ అని అదనంగా డబ్బు కనిపిస్తుంది. పాత క్యాలిపరు తిరిగిస్తే అది వెనక్కి వస్తుంది, చెత్తలో పారేయకు.

స్ప్రింగు దగ్గర మాత్రం తొందర వద్దు. ఫ్రేము కింద జాక్ స్టాండ్లు పెట్టు, సిమెంటు ఇటుకలు వద్దే వద్దు. కింది ఆర్మ్‌కి జాకీ ఆనించి, స్ప్రింగుని గొలుసుతో ఫ్రేముకి కట్టి, బాల్ జాయింట్ నట్టు పూర్తిగా తీయకుండా నాలుగు మరలు ఉంచి, స్పిండిల్ కన్ను (జాయింటు దూరే రంధ్రం) పక్కన సుత్తితో కొట్టు. జాయింటు ఊడినా నట్టు ఆపుతుంది. తర్వాత జాకీ మెల్లగా దించాలి. నొక్కి ఉన్న స్ప్రింగు ఎగిరి తగిలితే ప్రాణం పోతుంది. స్ప్రింగ్ కంప్రెసరు లాంటి పనిముట్లు పెద్ద పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగిస్తే డబ్బు ఇచ్చేస్తారు.

బిగించేటప్పుడు బాల్ జాయింటు నట్టు కంపెనీ చెప్పిన టార్కుకి (బిగింపు బలానికి) వచ్చాక పిన్ను రంధ్రం కుదరకపోతే ఇంకాస్త బిగించాలి, వదులు చేయకూడదు. ఆర్మ్ బుష్‌ల బోల్టులు బండి నేలమీద నిలిచాకే చివరి బిగింపు. గాల్లో ఉండగా బిగిస్తే దింపగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. బేరింగులో గ్రీజు రోలర్ల మధ్యకి ఎక్కేదాకా అరచేత్తో నొక్కాలి. హబ్బు తిప్పుతూ 12 అడుగు-పౌండ్లకి బిగించి, వదిలేసి, మళ్లీ వేళ్లతో బిగించి పిన్ను వేయి. కొత్త రోటరు మీద నూనెపూత ఉంటుంది, బ్రేక్ క్లీనరుతో తుడవకపోతే ప్యాడ్లు పాడవుతాయి.

క్యాలిపర్లు కుడి ఎడమలు మారిపోతే బిగించడానికి చక్కగా కుదురుతాయి, కానీ ఎయిర్ తీసే నిపుల్ కిందికి వస్తుంది. ఎంత కొట్టినా పెడల్ మెత్తగానే ఉంటుంది. నిపుల్ పైనే ఉండాలి. క్యాలిపరుని హోసుకి వేలాడదీయకు, తీగతో కట్టు. ఎయిర్ తీసే వరస: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. స్టీరింగు రెండు కొసలకీ తిప్పి హోసు లాగుతోందేమో, టైరుకి రాస్తోందేమో చూడు.

ఇక 13 అంగుళాల కిట్. ఒడిశా వైపు నుంచి సాలూరుకి ఘాట్ దిగే లారీ బ్రేకు వాసన తెలిసినవాడివి. పెద్ద రోటరు అలాంటి వేడికి పనికొస్తుంది. బరువులు లాగకుండా చదును రోడ్ల మీద తిరిగే సి10కి దాదాపు 12 అంగుళాల సొంత రోటరు చాలు. పెద్దది వేస్తే చక్రం సాధారణంగా 17 అంగుళాలన్నా కావాలి. క్యాలిపరు పిస్టన్లు పెద్దవైతే ఆయిలు ఎక్కువ కావాలి, పెడల్ తొక్కితే ఆయిలుని నెట్టే పాత మాస్టర్ సిలిండరుతో పెడల్ లోతుకి పోతుంది.

అపార్ట్‌మెంట్ పార్కింగులో ఈ పని చాలా లీజుల్లో నిషేధం, ముందు చదువు. ఎఫ్1 వీసా మీదున్న పిల్లలు వేరేవాళ్ల బండికి డబ్బు తీసుకుని ఇలా చేస్తే అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. మార్పులు బీమా కంపెనీకి చెప్పాలి. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత బళ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ లేదు, కనుక నీ బ్రేకులు చూసేది నువ్వే. కాలిఫోర్నియాకి మారితే, దించిన బండిలో చక్రాలు తప్ప ఏ భాగమూ రిమ్ము కింది అంచు కన్నా కిందికి ఉండకూడదని అక్కడి చట్టం.

అన్నీ అయ్యాక ఖాళీ పార్కింగులో 10 మైళ్ల వేగంతో పరీక్షించు. తర్వాత ప్యాడ్లు రోటరుకి కుదురుకోవడానికి 50 మైళ్ల నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించి, బ్రేకు తొక్కకుండా కొంతదూరం నడిపి చల్లార్చు. అలైన్‌మెంట్‌కి ఫోన్ చేసి దించిన బండి ర్యాంపు ఎక్కుతుందో లేదో అడిగి వెళ్లు. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక చక్రాల నట్లు టార్క్ రెంచితో ఇంకోసారి చూసుకో.