పాత స్టేషన్ పని చేపట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పాత రైల్వే స్టేషన్ భవనాన్ని బాగుచేసి నేటి అవసరాలకు సిద్ధం చేసే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. నక్షాలు గీయడానికి కూర్చునే ముందు కొన్నాళ్లు కాచిగూడ స్టేషన్‌కు వెళ్లి రా. 1916లో కట్టిన ఆ గుమ్మటాల, మినార్ల భవనం ఒకప్పుడు నిజాం రైల్వేకు ప్రధాన కార్యాలయం. నేటికీ అది పనిచేస్తున్న స్టేషనే. ముఖద్వారం అందం ఎలాగూ కనిపిస్తుంది కనుక దాన్ని వదిలి, సామాన్లతో వచ్చిన కుటుంబాలు ఎక్కడ ఆగుతున్నాయో, క్యూ ఎవరి దారికి అడ్డం పడుతోందో, వృద్ధులు ఏ మెట్టు దగ్గర తడబడుతున్నారో గమనించు. నీ నక్షాకు అసలు ఆధారం అదే.

పనిలో మొదటి స్థానం నీటిది. పైకప్పు మీద పడిన వాన ఏ గొట్టం గుండా ఎక్కడికి పోతోందో తేలకుండా గోడ ముట్టుకోవద్దు. ఏళ్ల తరబడి పొర మీద పొర వేసి ప్లాట్‌ఫారం, ముంగిలి ఎత్తు పెంచడం వల్ల గోడల అడుగుభాగం మట్టిలో కూరుకుపోయి తేమ పీల్చుకోవడం పాత స్టేషన్లలో తరచుగా కనిపిస్తుంది. డంగుసున్నంతో కట్టిన గోడ ఆ తేమను మెల్లగా బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, లవణాలు లోపలే పేరుకుని, పైపూత నిక్షేపంగా కనిపిస్తుండగానే వెనుక ఇటుక పొడి అవుతుంది. ‘కొంచెం సిమెంటు కలిపితే త్వరగా గట్టిపడుతుందండీ’ అని కాంట్రాక్టరు అడగకమానడు, ఒప్పుకోకు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది కనుక, టెండరులో గడువును ఆ లెక్కతోనే రాయించు. పాత సున్నాన్ని పరీక్షకు పంపి, బెల్లం, కరక్కాయ నీళ్లతో కలిపే పద్ధతి తెలిసిన మేస్త్రీని వెతికి, ముందుగా వెనుక గోడపై నమూనా చేయించి, ఒక వానాకాలం చూశాకే ముఖభాగానికి రా.

కొత్తగా కావలసినవన్నీ పాత గోడల మధ్యే ఇరికించాలని ఎవరైనా పట్టుబడితే లండన్‌లోని సెయింట్ పాంక్రాస్‌ను చూపించు. 1868లో తెరిచిన ఆ స్టేషన్‌లో ప్లాట్‌ఫారాల కింది అంతస్తును బీరు పీపాల నిల్వకోసం, ఆ పీపాల కొలతకు తగ్గట్టు స్తంభాలు నిలిపి కట్టారు. 2007లో అంతర్జాతీయ రైళ్లు అక్కడికి రావడం మొదలయ్యేనాటికి పైనేలను అక్కడక్కడ తెరిచి, వెలుగు లోపలికి రప్పించి, ఆ గిడ్డంగినే ప్రయాణికుల హాలుగా మార్చారు. అయితే సుమారు 400 మీటర్ల రైలు 210 మీటర్ల పాత కప్పు కింద పట్టదు. అందుకని పాతదాన్ని సాగదీయకుండా, దాని చివర వేరే చదునైన కప్పు వేశారు. ఏది పాతదో ఏది కొత్తదో చూడగానే తెలిసిపోతుంది. నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది, పాతదానిలా నటించే కొత్త కమానులు ఎంత బాగున్నా నచ్చవు.

లిఫ్టులు, ఎస్కలేటర్లు కూడా అంతే: పాత గోడపై బరువు మోపకుండా వేరే ఉక్కు చట్రంపై నిలబెట్టు. కేబుళ్ల కోసం గోడలు తొలిచే అలవాటును మొదటిరోజే ఆపించు.

స్టేషన్ నడుస్తుండగానే పని జరగాలి. తలపై 25,000 వోల్టుల తీగలున్నచోట ట్రాఫిక్ బ్లాకు (రైళ్ల రాకపోకలు ఆపడం), పవర్ బ్లాకు (ఆ తీగల్లో కరెంటు ఆపడం) దొరికిన కొద్ది గంటలలోనే చూరు పని ముగియాలి కనుక, ఆపరేటింగ్ విభాగం వారితో ముందే కూర్చుని కార్యక్రమం రాసుకో.

జూన్ రాకముందే పైకప్పు నీటిదారుల పటం గీసి పంపు. చూసి నా అభిప్రాయం రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు